జంట మందు రాసే ముందు

(శ్రీకాకుళం జిల్లాలో ప్రైవేటు ప్రాక్టీసు డాక్టర్లు, మందుల షాపుల వాళ్ళు కలుసుకున్న ఒక సాయంత్రం, ఆయాసానికి పీల్చే జంట మందుల గురించి ఛాతీ వైద్యుడొకరు మాట్లాడినది. రికార్డు విని రాసిన పాఠం.)

నమస్కారమండీ. ఎనిమిదిన్నరకి భోజనాలని చెప్పారు, అందుకని స్లైడ్లు తేలేదు. స్లైడ్లుంటే నేనూ ఆగను, మీరూ లేవలేరు. ఒక ప్లాస్టిక్ కవరు మాత్రం తెచ్చాను. ఈ మధ్య మా ఓపీకి వచ్చిన ఒకావిడది. ఆవిడని అడిగే తెచ్చాను. చీటీల మీద పేర్లున్న చోట చింపేశాను.

టేబుల్ మీద కుమ్మరిస్తున్నాను, చూడండి. ఇది రోటాక్యాప్స్ డబ్బా, అంటే మిషన్‌లో వేసి పీల్చే పొడి క్యాప్సూల్స్, ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ కలిపినవి. ఇది నొక్కి పీల్చే పంపు, ఇందులో సాల్మెటెరాల్, ఫ్లుటికాసోన్ ఉన్నాయి. ఇవి టయోట్రోపియం క్యాప్సూల్స్. ఇవి నెబులైజర్‌లో పోసుకునే రెస్ప్యూల్స్, లెవోసాల్బుటమాల్, ఇప్రాట్రోపియం. ఇక ఈ మాత్రలు మనందరికీ చుట్టాలే, ఎటోఫిల్లిన్, థియోఫిల్లిన్. అడుగున ఒక కంటి చుక్కల సీసా కూడా ఉంది. దాని సంగతి తర్వాత.

ఆవిడకి అరవై దాటాయి. కట్టెల పొయ్యి దగ్గర నలభై ఏళ్ళు, పైగా అడ్డపొగ. వేరే ప్రాంతం నుంచి వచ్చిన డాక్టర్లెవరైనా ఉంటే వాళ్ళకోసం చెబుతున్నా, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చడం. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళలో ఇంకా ఉంది. ‘చుట్ట తాగుతావా అమ్మా’ అంటే లేదంటారు. ‘అడ్డపొగ’ అని అడిగితే అప్పుడు నవ్వుతారు. ఆవిడ వచ్చింది ఆయాసానికి కాదు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. నాడి 124. “ఒక్క పూట కూడా మానలేదు బాబూ” అంది. ఆ మాట వినగానే నాకు భయం వేసింది.

ఎందుకంటే లెక్కపెట్టండి. ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ రెండూ లాబాలే, పన్నెండు గంటలు గాలిగొట్టాలను తెరిచి ఉంచే మందులు. బ్యుడెసొనైడ్, ఫ్లుటికాసోన్ రెండూ స్టెరాయిడ్లే. టయోట్రోపియం లామా, అంటే ఇంకో దారిలో గాలిగొట్టాలను తెరిచే మందు, ఇప్రాట్రోపియం దానికి చిన్న తమ్ముడు. అంటే ప్రతి రకానిదీ రెండేసి. దాని మీద నెబులైజర్‌లో లాబాల కుటుంబానిదే ఇంకో మందు, ఆ పైన థియోఫిల్లిన్. ఒక్కో చీటీ విడిగా చూస్తే దేన్నీ తప్పు పట్టలేం. నాలుగు చోట్ల నలుగురు రాశారు, బ్రాండ్ల పేర్లు వేరు, ఆవిడ అన్నీ వాడింది. ఆ నాలుగు చీటీల్లో ఒకటి నాదే. టయోట్రోపియం రాసింది నేనే, అంతకు ముందు ఏడాది. ఆ రోజు కవరు అడగలేదు.

అక్కణ్ణుంచీ మా ఓపీలో ఒక అలవాటు పెట్టుకున్నాం. ఊపిరితిత్తుల జబ్బుతో ఎవరొచ్చినా ముందు కవరు కుమ్మరించాలి, తర్వాతే స్టెతస్కోపు.

జంట మందుతో వచ్చే ఇబ్బంది దాని పేరులోనే ఉంది. పంపు ఒకటే కనబడుతుంది, లోపల రెండో మూడో మందులుంటాయి. మనం రాసేది ఒక బ్రాండు పేరు. విడిగా రాయాల్సి వస్తే ఒక్కో మందుకీ ‘ఇది ఎందుకు?’ అని క్షణం ఆలోచిస్తాం. కలిపి ఇచ్చేసరికి ఆ ఆలోచన ఎగిరిపోతుంది. ముఖ్యంగా స్టెరాయిడ్ విషయంలో. మన దగ్గర నలభై దాటిన మనిషి దగ్గుతూ లోపలికొస్తే చెయ్యి దానంతట అదే లాబా, స్టెరాయిడ్ జంట రాసేస్తుంది. నేనూ రాశాను, ఏళ్ళ తరబడి.

ముందు తేలాల్సింది ఇది ఉబ్బసమా, లేక గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీయా అన్నది. ఇది పుస్తకాల గొడవ అనుకోకండి. రెంటికీ మందులు అవే కానీ వరస తలకిందులు. ఉబ్బసంలో స్టెరాయిడ్ పునాది, అది లేకుండా లాబా ఒక్కటే ఇవ్వకూడదు. అమెరికాలో సాల్మెటెరాల్ మీద స్మార్ట్ అని పెద్ద అధ్యయనం చేశారు, 26 వేల పైచిలుకు ఉబ్బసం రోగులతో. సాల్మెటెరాల్ వాడినవాళ్ళలో ఉబ్బసంతో 13 మంది చనిపోయారు, ఉత్తుత్తి మందు వాడినవాళ్ళలో ముగ్గురు. 2003లో మధ్యలోనే ఆపేశారు, 2006లో అచ్చు వేశారు. స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తే ఆ ప్రమాదం కనబడలేదని తర్వాతి అధ్యయనాల్లో తేలాక, 2017 చివర్లో జంట మందుల వివరాల కాగితం మీద నుంచి ఆ ప్రమాదం గురించి అక్కడ వేసిన నల్లగీతల హెచ్చరిక తీసేశారు. ఒంటరి లాబాకి మాత్రం అది అలాగే ఉంది.

సీఓపీడీలో సరిగ్గా ఎదురు. ఇక్కడ పునాది గాలిగొట్టాలను తెరిచే మందులు, లాబా, లామా కలిపిన జంట. స్టెరాయిడ్ కారణం ఉంటేనే చేరాలి. సీఓపీడీ మీద అంతర్జాతీయ నిపుణులు ఇచ్చే గోల్డ్ మార్గదర్శకాలు 2023లో ఇంకాస్త గట్టిగానే చెప్పాయి. సీఓపీడీలో లాబా, స్టెరాయిడ్ జంటని ప్రోత్సహించడం లేదు, స్టెరాయిడ్ అవసరమైతే మూడూ కలిపి ఇవ్వండి అని. రెండు జబ్బులూ కలిసి ఉన్నాయనిపిస్తే మాత్రం ఉబ్బసం మాటే నెగ్గాలి, స్టెరాయిడ్ ఉండి తీరాలి.

తేల్చడానికి స్పైరోమెట్రీ, అంటే గాలి ఊదించి కొలిచే పరీక్ష. గాలిగొట్టాలను వెంటనే తెరిచే సాల్బుటమాల్ ఇచ్చాక మళ్ళీ ఊదించి, మొదటి సెకనులో వదిలిన గాలికీ మొత్తం వదిలిన గాలికీ నిష్పత్తి 0.7 కంటే తక్కువ ఉంటే గాలి అడ్డు శాశ్వతమన్నమాట. అందరి దగ్గరా మెషీన్ ఉండదు, తెలుసు. లేనిచోట నోటితో అడిగినా చాలావరకు దారి దొరుకుతుంది. చిన్నప్పుడు పిల్లికూతలుండేవా, రాత్రి మూడింటికి లేచి కూర్చుంటారా, ఒక వారం బాగుండి ఒక వారం బాగోదా? అలాగైతే ఉబ్బసం వైపు. నలభై తర్వాత మొదలై, మెట్లెక్కితే ఆయాసం, ఏడాదికేడాది ఒక్కో మెట్టు తగ్గుతూ వస్తే రెండో వైపు. కానీ ఒక్కసారైనా ఊదించి చూడకుండా జీవితాంతం వాడే మందు రాసేయడం నాకు నచ్చదు. బీపీ చూడకుండా బీపీ మాత్ర రాస్తామా?

స్టెరాయిడ్ అంటే నాకేమీ పగ లేదు. అవసరమైనవాళ్ళకి అది బాగా పనిచేస్తుంది. 2018లో వచ్చిన ఇంపాక్ట్ అధ్యయనంలో పది వేల మందికి పైగా ఉన్నారు. మూడు మందులూ కలిపి వాడినవాళ్ళకి జబ్బు ఎదురుతిరగడం, అంటే ఉన్నట్టుండి ముదరడం, ఏడాదికి సగటున 0.91 సార్లు, లాబా లామా జంటకి 1.21. తేడా నిజమైనదే. అదే అధ్యయనంలో స్టెరాయిడ్ ఉన్న గుంపుల్లో న్యుమోనియా కూడా ఎక్కువ. అంతకు ముందు 2007లో వచ్చిన టార్చ్‌లో చూస్తే, మూడేళ్ళలో న్యుమోనియా వచ్చే అవకాశం ఉత్తుత్తి మందు గుంపులో 12.3 శాతం, సాల్మెటెరాల్ ఫ్లుటికాసోన్ గుంపులో 19.6 శాతం. 2016 నాటి ఫ్లేమ్‌లో నేరుగా పోటీ పెట్టారు, ఒకవైపు లాబా లామా, ఇంకోవైపు లాబా స్టెరాయిడ్. లాబా లామా జంటే గెలిచింది, న్యుమోనియా కూడా దానిలోనే తక్కువ.

మరి ఎవరికి ఇవ్వాలి? ఏడాదిలో రెండు మూడుసార్లు ఎదురుతిరిగి, నోటి స్టెరాయిడ్లో యాంటీబయాటిక్కో అవసరమైనవాళ్ళు, లేదా ఒక్కసారైనా ఆసుపత్రిలో చేరినవాళ్ళు. వాళ్ళలో కూడా రక్తంలో ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు 300, ఆ పైన ఉంటే లాభం బాగా కనబడుతుంది. 100 లోపుంటే స్టెరాయిడ్ జోలికి పోవద్దు. మధ్యలో ఉంటే మనిషిని చూసి నిర్ణయించాలి. మన ల్యాబు కాగితం మీద శాతమే ఇస్తారు, దాన్ని మొత్తం తెల్లకణాలతో హెచ్చవెయ్యాలి. 8,000లో 4 శాతం అంటే 320. ఇంత చిన్న లెక్క, దీనికోసం మళ్ళీ రక్తం తియ్యక్కర్లేదు.

అయితే మన ఊళ్ళలో ఈ లెక్కకి ఒక మెలిక ఉంది. ఈ అంకెలు తయారైన దేశాల్లో నులిపురుగులు, ఫైలేరియా మనకున్నట్టు ఉండవు. మనవాళ్ళలో వాటివల్ల కూడా ఈసినోఫిల్స్ పెరుగుతాయి. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషికి ఒక్కసారి 600 కనబడిందని స్టెరాయిడ్ పంపు రాసేయకండి. పురుగుల మందు ఇచ్చి, కొన్ని వారాలాగి మళ్ళీ చూడండి. దీనికి తిరగేసి ఇంకోటి. ఆర్ఎంపీ దగ్గర డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజక్షను వేయించుకుని నేరుగా మీ దగ్గరికి వస్తే ఆ అంకె సున్నా కనబడొచ్చు. అదీ నమ్మలేం.

టీబీ గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. టీబీ తగ్గాక మిగిలిన మచ్చలతో ఆయాసపడేవాళ్ళు మన ఓపీల్లో ఎంతమందో మీకే తెలుసు. వాళ్ళలో స్టెరాయిడ్‌కి ఇంకాస్త వెనకాడాలి. ఒకప్పుడు మైకోబాక్టీరియా, అంటే టీబీ క్రిముల కుటుంబం, వల్ల జబ్బు వచ్చి ఉండడాన్ని గోల్డ్ స్టెరాయిడ్‌కి వ్యతిరేకంగా పనిచేసే కారణాల్లో చేర్చింది. పంపు మొదలుపెట్టేముందు ఎక్స్‌రే, అనుమానముంటే కళ్ళె పరీక్ష. రెండు వారాలు దాటిన దగ్గుని ‘స్మోకరే కదా’ అని తోసేయకండి.

మోతాదు ఒక్క మాట. ఎక్కువైతే ఎక్కువ గుణమిస్తుందనే నమ్మకం రోగికే కాదు, మనకీ ఉంది. అమెరికాలో సీఓపీడీకి సాల్మెటెరాల్, ఫ్లుటికాసోన్ పొడి మందులో అనుమతి ఉన్నది ఫ్లుటికాసోన్ 250 మైక్రోగ్రాముల బలానికే. 500 వాడితే అదనంగా లాభం కనబడలేదు. ఇంకో పొరపాటు ఉబ్బసం నుంచి అరువు తెచ్చుకున్నది. ఉబ్బసంలో ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ పంపునే రోజూ వాడుతూ, ఆయాసం వచ్చినప్పుడు కూడా అదే ఇంకో పఫ్ పీల్చమంటాం. మంచి పద్ధతే. సీఓపీడీకి అది కాదు. రోజుకిన్ని అని కట్టుదిట్టంగా చెప్పి, ఆయాసానికి విడిగా సాల్బుటమాల్ ఇవ్వాలి. సాల్మెటెరాల్ ఉన్న పంపునైతే ఏ జబ్బులోనూ అలా వాడకూడదు, అది పని మొదలుపెట్టడానికే టైం పడుతుంది.

లామాలు మెత్తటి మందులే. నోరెండిపోతుందంటారు, అంతే. కానీ పెద్దాయన రాత్రి ఐదుసార్లు లేస్తున్నాడా, ధార సన్నబడిందా అని అడగకుండా రాస్తే, నాలుగోరోజు మూత్రం బిగిసిపోయి సర్జన్ దగ్గర తేలుతాడు. కంటి సంగతికొస్తే, ఇరుకు కోణం గ్లాకోమా ఉన్నవాళ్ళకి ఇప్రాట్రోపియం నెబులైజర్ మాస్కు వదులుగా పెడితే ఆ పొగ కళ్ళల్లోకి పోతుంది. కన్ను ఎర్రబడి, నొప్పి, దీపం చుట్టూ రంగులు. మాస్కు బదులు నోట్లో పెట్టుకునే గొట్టం ఇవ్వండి, సరిపోతుంది.

ఇక మన జిల్లాకే ప్రత్యేకమైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇటువైపు నుంచి వచ్చే మనిషి అయితే నేను కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా టయోట్రోపియం రాయను. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పాలా! టయోట్రోపియం మూత్రంలోంచే బయటికి పోతుంది, కిడ్నీ మందగిస్తే ఒంట్లో నిలుస్తుంది. ఉమెక్లిడినియం అనే ఇంకో లామా అయితే కిడ్నీ కోసం మోతాదు మార్చక్కర్లేదు. అది దొరికితే, కొనగలిగితే, అదే మేలు.

పంపు పక్కన ఏ మాత్రలున్నాయన్నది ఇంకో పెద్ద కథ. తామరకి ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడేవాళ్ళు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఆ మందు కాలేయంలో బ్యుడెసొనైడ్, ఫ్లుటికాసోన్ విరిగిపోకుండా అడ్డుపడుతుంది. పీల్చిన స్టెరాయిడ్ రక్తంలో పోగుపడి, మొహం గుండ్రంగా ఉబ్బి, షుగరు పెరిగి, పొట్ట మీద ఊదారంగు చారలొస్తాయి. ‘నేను స్టెరాయిడ్ మాత్ర ఒక్కటీ మింగలేదు సార్’ అంటాడు, నిజమే చెబుతాడు. హెచ్ఐవీకి రిటోనావిర్ ఉన్న మందులు వాడేవాళ్ళలోనూ ఇదే జరుగుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వాళ్ళ సంఖ్య తక్కువేం కాదు. బయటికి చెప్పుకోరు, అందుకని తలుపు వేసి, వెంట వచ్చినవాళ్ళని బయట కూర్చోబెట్టి అడగాలి. వాళ్ళకి స్టెరాయిడ్ తప్పనిసరైతే బెక్లోమెథసోన్ నయం.

థియోఫిల్లిన్ మాత్ర వాడుతున్నవాళ్ళకి విరేచనాలనో మూత్రంలో మంటనో సిప్రోఫ్లాక్సాసిన్ ఇస్తే దాని స్థాయి పైకెగిరి వాంతులు, గుండె దడ, ఫిట్స్ దాకా పోవచ్చు. తమాషా ఏమిటంటే, మన మాట విని చుట్ట మానేసినా దాని స్థాయి పెరుగుతుంది, ఎందుకంటే పొగ దాన్ని త్వరగా ఖర్చు చేసేది. మంచి పని చేసినందుకు శిక్ష! మంచి పంపు వాడగలిగే మనిషికి ఆ మాత్ర ఎందుకో నాకు అర్థం కాదు.

అడుగున ఉన్న కంటి చుక్కలు గుర్తున్నాయా? టిమోలాల్. బీటా బ్లాకరు. రెండు చుక్కలే కదా అనిపిస్తుంది, కానీ అవి ముక్కులోకి దిగి ఊపిరితిత్తుల దాకా వెళతాయి. ఒకవైపు రెండు లాబాలు తెరుస్తుంటే ఇంకోవైపు ఇది మూస్తోంది. కంటి డాక్టరుతో ఫోన్లో మాట్లాడితే ఆయన వెంటనే వేరే చుక్కలకి మార్చారు. ఇది విని మాత్రం గుండె కోసం ఇచ్చిన బైసోప్రోలాల్, మెటోప్రోలాల్ ఆపేయకండి. అవి గుండెనే ఎంచుకునే రకం, సీఓపీడీలో వాడొచ్చు. ప్రోప్రనొలాల్‌తోనే పేచీ.

ఇంతా ఆలోచించి రాశాక ఆ మందు ఎక్కడికి పోతోంది? షాపుల వాళ్ళకి ఇది నాకంటే బాగా తెలుసు. రోటాక్యాప్స్ నీళ్ళతో మింగేసేవాళ్ళున్నారు. నవ్వకండి, అమెరికాలో కూడా ఇది జరుగుతోందని 2008లో వాళ్ళ మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జనానికి హెచ్చరిక ఇచ్చింది. క్యాప్సూలు ఆకారంలో ఉన్నదాన్ని మింగకపోతే ఏం చేస్తారు? నా దగ్గర ఒకాయన మూడు నెలలు మింగాడు. “పొద్దునొకటి, రాత్రొకటి” అని చీటీ మీద మా వాళ్ళే రాశారు. పీల్చాలని రాయలేదు. అందుకని ఇప్పుడు తెలుగులో, పెద్ద అక్షరాలతో ‘మింగరాదు, మిషన్‌లో వేసి పీల్చాలి’ అని రాయిస్తున్నాం. షాపులో కూడా మీరు డబ్బా మీద పెన్నుతో ఆ రెండు ముక్కలు రాస్తే సగం పని అయిపోతుంది.

ఒక మనిషికి రెండు రకాల మిషన్లు ఇవ్వడం ఇంకో చిక్కు. పొడి మందుని ఒక్క ఊపుతో, గట్టిగా, జుర్రినట్టు లాగాలి. పంపుని నెమ్మదిగా, పాయసం వాసన చూసినంత నిదానంగా లోపలికి తీసుకుని పది అంకెలు బిగపట్టాలి. ఒకటి జోరు, ఒకటి నిదానం. రెండూ ఇస్తే రెంటినీ కలిపేస్తారు. పొడిని గట్టిగా లాగే ఓపిక లేని ముసలివాళ్ళకి పంపు, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం స్పేసరు ఇవ్వండి. స్పేసర్ని సబ్బునీళ్ళలో ముంచి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కి ఛార్జి పట్టి మందంతా గోడలకే అంటుకుంటుంది. స్టెరాయిడ్ ఉన్నది ఏదైనా పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. మింగితే పుక్కిలించినట్టు కాదు. బ్రష్ చేసే ముందు పీల్చమనండి, ఎలాగూ ఉమ్ముతారు.

షాపుల వాళ్ళకి ఒక విన్నపం. రాసిన బ్రాండు లేదని అదే మందున్న ఇంకోటి ఇచ్చేటప్పుడు మిషను కూడా అదేనా చూడండి. మందొకటే, మిషను మారితే ఆ మనిషికి అది కొత్త మందు కిందే లెక్క. డాక్టరుకి ఒక ఫోను కొట్టండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

(ప్రశ్న: ఇప్పటికే ఏళ్ళుగా స్టెరాయిడ్ జంట వాడుతున్నవాళ్ళకి ఆపేయొచ్చా?)

అందరికీ రేపే ఆపేయకండి. 2014లో విస్డమ్ అని ఒక అధ్యయనం వచ్చింది. రెండు తెరిచే మందులూ కొనసాగిస్తూ స్టెరాయిడ్‌ని పన్నెండు వారాల్లో మెట్లుమెట్లుగా తగ్గించారు. మొత్తం మీద జబ్బు ఎదురుతిరగడం పెరగలేదు, ఊపిరి కొలత మాత్రం కొద్దిగా పడింది. తర్వాత విడదీసి చూస్తే, ఈసినోఫిల్స్ 300 పైన ఉండి తరచూ ఎదురుతిరిగేవాళ్ళకి ఆపడం మంచిది కాలేదు. నేను చేసేది ఇదీ. ఉబ్బసం లేదని తేల్చుకుని, ఈసినోఫిల్స్ చూసి, ఏడాదిగా ఎదురుతిరగనివాళ్ళకి లాబా లామాకి మార్చి, నెలకి ఒకసారి రమ్మంటాను. చలికాలం ముందు మార్చను. న్యుమోనియా వచ్చినవాళ్ళకి మాత్రం ఆ ఆలోచన వెంటనే మొదలవ్వాలి.

(ప్రశ్న: ఆ కవరు ఆవిడ ఇప్పుడెలా ఉంది?)

ఆవిడకి ఈసినోఫిల్స్ 140, రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆసుపత్రికి పోలేదు. లాబా లామా ఉన్న పంపు ఒక్కటి, స్పేసరు, ఆయాసానికి సాల్బుటమాల్. నాడి 90లకి దిగింది. అడ్డపొగ మానలేదు, తగ్గించానంటోంది. ఇన్ని మందులకి బదులు ఒక్కటే ఇచ్చానని ఆవిడ కొడుక్కి నా మీద అనుమానం. ఇంకో డాక్టరుకి చూపిస్తామన్నాడు. చూపించమన్నాను, కవరు పట్టుకెళ్ళమన్నాను.

సరే, భోజనానికి ముందు ఒక్క పని. ఇది మందు లేని ఖాళీ మిషను, ఇది ఉత్తి క్యాప్సూలు. డాక్టర్లలో ఎవరైనా ఒకరు ముందుకొచ్చి, రోగికి ఎలా చూపిస్తారో అలా చూపించండి. రండి సార్, మీరే రండి. క్యాప్సూలు పెట్టారు, బాగుంది. తిప్పారు. ఇప్పుడు ఊపిరి మొత్తం వదలాలి... అయ్యో, దాంట్లోకి కాదు సార్, మొహం పక్కకి తిప్పి వదలండి. మిషన్లోకి ఊదితే పొడి తడిసి ముద్దయిపోతుంది. ఇంకో క్యాప్సూలు ఇస్తాను, మళ్ళీ మొదట్నుంచీ.